సూరత్‌లో నా మరణ ధ్రువపత్రం

నేను బతికే ఉన్నానని సర్కారు పుస్తకంలో రాయించిన మనిషి వజ్రమ్మ. ఆమె రుణం ఈ జన్మలో తీర్చలేను. ఈ మాట ముందే చెప్పేస్తే ఒక పని అయిపోతుంది. ఎందుకంటే కథలో పడ్డాక నాకు కోపం వస్తుంది, కోపం వస్తే దండాలు పెట్టడం మరిచిపోతాను. కోపం నాకు ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది.

నా పేరు లింగం. జగిత్యాల దగ్గర మా ఊరు. పద్నాలుగేళ్లుగా సూరత్‌లో, ఉధ్నాలో సాంచాలు నడుపుతున్నాను. మరమగ్గాలను మేం సాంచాలనే అంటాం. నా చేతి కింద పది సాంచాలు. వాటిని నెల రోజులు వదిలి ఊరికి పోతే, తిరిగి వచ్చేసరికి ఇంకొకడు నిలబడి ఉంటాడు. అందుకని మాలో ఒక పద్ధతి ఉంది. ఊరికి పోయేవాడు తన జాగాలో తన మనిషిని నిలబెట్టి పోతాడు. దాన్ని బద్లీ అంటాం. తమ్ముడో, బావో, మేనల్లుడో వచ్చి, పోయినవాడి కార్డు మెడలో వేసుకుని, వాడి పేరుతో పిలిస్తే పలుకుతాడు. మేస్త్రీకి తెలుసు, సేఠ్‌కి తెలుసు, పక్క సాంచాల వాళ్లకూ తెలుసు. తెలియనిది రిజిస్టరుకు ఒక్కదానికే.

రెండువేల ఇరవై ఒకటి ఫిబ్రవరిలో నేను ఊళ్లో ఉండగా బండి మీది నుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాను. రెండు నెలల పట్టీ. అప్పుడు మా ప్రమీలక్క భర్త రాజనర్సు బావ వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. ఆయన చిన్నప్పుడు భివండీలో సాంచాలు నడిపిన మనిషి, తర్వాత మానేసి ఎకరంన్నర పొలం చూసుకుంటున్నాడు.

"నీ సాంచాలు పోతే మల్ల దొరకయ్, బామ్మర్దీ. నువ్ లేసేదాంక నేను నిలవడ్త. కార్డు ఇటు తే" అన్నాడు.

నేను అడగలేదు. అడగకుండానే వచ్చాడు. నా కార్డు, ఆధార్ జిరాక్సు ఇచ్చేశాను. ఆ రోజు నాకు కలిగిన సంతోషం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఏప్రిల్‌లో ఆ మాయరోగం రెండోసారి ఊళ్ల మీద పడింది. బావతో పాటు గదిలో ఉండే ఆగయ్య ఫోన్ చేశాడు. బావకు ఆయాసం వస్తున్నదని, దవాఖానకు తీసుకుపోతున్నానని చెప్పాడు. మూడో రోజు మళ్లీ ఫోన్. "బావ పోయిండు లింగం" అన్నాడు. అంతే. శవాన్ని మున్సిపాలిటీ వాళ్లే తీసుకుపోయి దహనం చేశారు. అక్కను పంపిద్దామంటే బండ్లు లేవు, నేను పోదామంటే కాలు లేదు. మా ఇంట్లో ఎవరమూ ఆయన ముఖం చూడలేదు.

జూన్‌లో ఆగయ్య మరణ ధ్రువపత్రం పోస్టులో పంపాడు. గుజరాతీలో, ఇంగ్లీషులో ఉంది. నాకు ఇంగ్లీషులో నా పేరు చదవడం వచ్చు. చదివాను. కళ్లు నలుపుకుని మళ్లీ చదివాను. చనిపోయినవాడి పేరు లింగం, వయసు ముప్పై ఎనిమిది, తండ్రి పేరు మా నాన్నది. మంచం మీద కాలు చాపుకుని కూర్చుని నా మరణ ధ్రువపత్రం నేనే చదువుకున్నాను.

దవాఖానలో నా కార్డు చూపించారు కాబట్టి నా పేరు రాసుకున్నారు. ఆ మాత్రం అర్థం కావడానికి పెద్ద చదువు అక్కర్లేదు. ఊళ్లో గంగారాం లాంటివాళ్లకు నవ్వులాట దొరికింది. "ఏంరా, సచ్చినంక గూడ కల్లుకు వస్తున్నవా?" అనేవాడు. నవ్వు రాలేదు. ఎందుకంటే అక్క పరిస్థితి నవ్వేలా లేదు. పొలం తన పేరు మీదికి మార్పించుకోవడానికి ఆమె తహసీల్ ఆఫీసుకు పోతే, "నీ భర్త చనిపోయినట్టు కాయితం తేమ్మా" అన్నారు. ఆ కాయితం లోకంలో లేదు. కాయితం లెక్కన ఆయన బతికే ఉన్నాడు. పొలం బతికున్న మనిషిది. అక్క పేరు ఎక్కదు, బ్యాంకు మొహం చూడదు, రేపు పాలివాళ్లు గెట్టు జరిపినా అడగడానికి ఆమె చేతిలో ఏమీ ఉండదు. ఆమెకున్న ఆధారమే ఆ ఎకరంన్నర.

నేను తెలివైనవాణ్ననుకుని జగిత్యాల కోర్టు దగ్గర స్టాంపు కాగితం కొని, తెలుగులో అఫిడవిట్ టైపు చేయించి, నోటరీ ముద్ర కొట్టించాను. ఆగస్టులో అక్కను తీసుకుని రైలెక్కాను. సూరత్ మున్సిపాలిటీ జోన్ ఆఫీసులో, మనిషికి మనిషికి ఎడం కోసం నేల మీద గీసిన సున్నాల్లో నిలబడి నిలబడి, పన్నెండింటికి కౌంటరు చేరాను. అక్కడి మనిషి నా కాగితాన్ని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.

"యే కౌన్సీ భాషా హై? స్టాంప్ భీ యహాఁ కా నహీ. నహీ చలేగా" అన్నాడు. ఇదేం భాష, స్టాంపు కూడా ఇక్కడిది కాదు, చెల్లదు అని.

నాకు కోపం నెత్తికెక్కింది. మనిషి చచ్చినందుకు కూడా రాష్ట్రానికో స్టాంపు కావాలా అని అరిచాను. తెలుగులో అరిచాను, అదొక్కటే మేలు. సెక్యూరిటీ వాడు నన్ను మెట్ల దాకా సాగనంపాడు. మెట్ల కింద ఒక దళారి కాచుకుని ఉన్నాడు. ఎనిమిది వేలిస్తే రాజనర్సు పేరు మీద వేరే తారీకుతో కొత్త ధ్రువపత్రం పుట్టిస్తానన్నాడు. పాతదాని జోలికి పోవద్దు, ఎవరికీ తెలియదు అన్నాడు. నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో వాడు నాకు దేవుడిలా కనిపించాడు. అక్క చెవి కమ్మలు తీయబోయింది.

అన్నం తిని ఇద్దాంలే అని వజ్రమ్మ దగ్గరికి పోయాం. మా తెలుగువాళ్లకు ఉధ్నాలో ముప్పై అయిదేళ్లుగా అన్నం పెడుతున్న మనిషి ఆమె. రెండు గదుల్లో నడిపే మెస్సు. మేమంతా అవ్వా అని పిలుస్తాం. అక్క కంచం ముందు కూర్చుని ముద్ద ఎత్తకపోతే సంగతేమిటని అడిగింది. మొత్తం చెప్పాను. దళారి మాట రాగానే చేతిలో గరిటె నా మీదికి లేచింది.

"ఒక్క పీనుగకు రెండు సావులు రాపిస్తవారా? గాడు పైసలు దీస్కొని పోతడు. రేపు ఎవడన్న రెండు కాయితాలు పక్కపక్కకు వెట్టి సూస్తే జైలుకు పొయ్యేది మీ అక్క. బుద్ధి ఉన్నదా నీకు?"

"మరి ఏం జెయ్యాలె అవ్వా? నిజం జెప్తే నన్ను పడ్తరు. కార్డిచ్చింది నేనే గద."

"పడ్తే పడనియ్యి. ముందుగాల అన్నం దిను."

వజ్రమ్మకు అక్షరం ముక్క రాదు. కానీ సూరత్‌లో ఆమెకు తెలియని కౌంటరు లేదు. ఈ ముప్పై అయిదేళ్లలో ఎవరి పిల్లాడి పుట్టిన కాగితమైనా, ఎవరి రేషన్ కార్డు తిరకాసైనా, ఎవరి కిరాయి తగాదా అయినా ఆమే వెంట పోయింది. అన్నీ చెవులతో నేర్చుకుంది. ఆ పూట అంట్లు తోముతూ నాకు చెప్పినంత తేటగా ఏ వకీలూ చెప్పలేడు.

చావు ఎక్కడ జరిగితే ఆ జోన్‌లోనే పని జరుగుతుంది, మన ఊళ్లో ఎంత మొత్తుకున్నా లాభం లేదు అంది. కొత్త కాగితం పుట్టించకూడదు, ఉన్న నమోదునే సరిచేయమని అడగాలి, చట్టంలో దానికి దారి ఉంది అంది. అడగాల్సింది నేను కాదు, భార్య. ఇక్కడ స్టాంపు కాగితాలు అంగట్లో అమ్మరు, కంప్యూటర్‌లో తీసిన స్టాంపే చెల్లుతుంది, రాత గుజరాతీలో ఉండాలి. ముందు దవాఖాన నుంచి ఉత్తరం తేవాలి. ఆ తర్వాత అసలుది.

"ఇద్దరు సాచ్చులు గావాలె. ఊకె సంతకం గొట్టేటోళ్లు గాదు, సంగతి కండ్లార ఎరుకైనోళ్లు. ఒకదాన్ని నేను. ఆయినకు నా చేతులతోని అన్నం వెట్టిన, రాజనర్సు అని పేరువెట్టి పిలిసిన. రెండోడు ఆగయ్య."

ఆగయ్య పేరు వినగానే పళ్లు నూరాను. దవాఖానలో తప్పు పేరు రాయించింది వాడే కదా. ఆ కాగితం పంపినప్పటి నుంచి నా ఫోన్ కూడా ఎత్తడం లేదు.

"గాన్ని సూస్తే సంపుత" అన్నాను.

"సంపు. సంతకం వెట్టినంక సంపు" అంది వజ్రమ్మ.

దవాఖాన ఉత్తరానికి మూడు వారాలు పట్టింది. మీరు చూపిన కార్డు చూసే రాసుకున్నాం, మేమేం చేస్తాం అన్నారు వాళ్లు. అందులో అబద్ధం లేదు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు చూడండి, రికార్డు గదిలో గుమస్తా అలా ఉన్నాడు. నేనైతే రెండో రోజే గొడవ పెట్టుకునేవాణ్ని. వజ్రమ్మ నన్ను బయటే ఉంచి, మధ్యాహ్నం వంట కాగానే రోజూ అక్కను వెంటబెట్టుకుని పోయి ఆ గది ముందు బెంచీ మీద కూర్చునేది. అరవదు, ఏడవదు. అడిగినప్పుడల్లా "బెహన్ కా ఆద్మీ కా నామ్ చాహియే", ఈ అక్క మొగుడి పేరు కావాలి, అనేది. ఇరవయ్యో రోజున ఉత్తరం వచ్చింది. పేషెంటును చూపిన కార్డును బట్టి చేర్చుకున్నామని, గుర్తింపు విడిగా సరిచూడలేదని రాసిచ్చారు. మాకు కావలసింది ఆ ఒక్క వాక్యమే. ఆ ఇరవై రోజులూ మాకు అన్నం పెట్టింది ఆమే, పైసా తీసుకోలేదు.

ఆగయ్య ఇచ్ఛాపూర్‌లో ఏదో ఫ్యాక్టరీలో చేరాడని తెలిసి ఆదివారం ముగ్గురం పోయాం. గది తలుపు తీసి మమ్మల్ని చూసి వాడి ముఖం పాలిపోయింది. నేను కాలర్ పట్టుకున్నాను.

"నా పేరెందుకు రాపిచ్చినవ్‌రా? నోట్లె నాలిక లేదా? గీ మనిషి పేరు రాజనర్సు అని ఒక్క మాట జెప్పరాలేదా?"

వాడు అక్క కాళ్ల వైపు చూస్తూ నిలబడ్డాడు. కొట్టించుకోవడానికి సిద్ధంగా ఉన్నవాణ్ని కొట్టడం ఎలాగో నాకు తెలియలేదు. వజ్రమ్మ నా చెయ్యి విడిపించి, "రేపు పది గంటలకు నోటరీ తాన. వస్తవా?" అని అడిగింది. వస్తానని తల ఊపాడు.

వస్తాడనుకోలేదు. కానీ మాకంటే ముందే వచ్చి, ఇస్త్రీ చొక్కా వేసుకుని చెట్టు కింద నిలబడి ఉన్నాడు. నోటరీ దగ్గర టైపు చేసే ముసలాయన గుజరాతీ అయినా హిందీ బాగా మాట్లాడతాడు. ముందు వజ్రమ్మది రాశాడు. ఫలానా మనిషికి ఫలానా రోజుల్లో అన్నం పెట్టాను, అతని పేరు రాజనర్సు, లింగం ఇదిగో నా పక్కన నిలబడ్డాడు అని ఆమె వేలిముద్ర వేసింది. తర్వాత ఆగయ్య వంతు. ముసలాయన ప్రశ్న వెంట ప్రశ్న అడుగుతూ టైపు కొడుతున్నాడు. ఎప్పుడు తీసుకెళ్లావు, ఎవరెవరు ఉన్నారు, ఏ కార్డు చూపించావు.

"నామ్ కిస్నే బతాయా?" అని అడిగాడు. పేరు చెప్పింది ఎవరు?

ఆగయ్య తల దించుకున్నాడు. ముసలాయన చేతులు ఆపి కళ్లద్దాల మీది నుంచి చూశాడు. నిజం రాయకపోతే ఈ కాగితం చెల్లదన్నాడు.

"చెప్పురా" అన్నాను నేను.

వాడు అక్క వైపు తిరిగాడు. అప్పటిదాకా ఆమె ముఖంలోకి చూడలేదు.

"బావనే చెప్పిండక్కా. నేను రాజనర్సు అనే చెప్పవోయిన. ఆటోల ఊపిరి ఆడకున్నా నా చెయ్యి వట్టుకొని ఆపిండు. పేరు మార్చకురా, కార్డు పట్టువడ్తె మా బామ్మర్ది సాంచాలు పోతయ్, ఆనికి ఇద్దరు పిల్లలున్నరు అన్నడు. నేను రెండు దినాలల్ల లేసి వస్త గద, ఎవలకు ఎరుకైతది అన్నడు. దవాఖానల లింగం అని పిలిస్తే ఆయిననే చెయ్యి లేపిండు."

మూడు నెలలుగా నేను ఎవరిని తిట్టుకున్నానో, ఎందుకు తిట్టుకున్నానో అంతా తలకిందులైంది. ఆయన కాపాడాననుకున్న సాంచాలు ఆయన పోయిన మూడో రోజే ఇంకొకడికి ఇచ్చేశారు. రిజిస్టరులో లింగం చచ్చిపోయాడు కదా మరి, ఎవరి కోసం ఆపుతారు?

అక్క ఏడవలేదు. ఒక్కటే అడిగింది.

"ఆకర్కి పక్కపొంటి ఎవలన్న ఉన్నరా ఆగయ్యా?"

"ఎవ్వలను రానియ్యలే అక్కా. గేటు కాడ్నే ఆపిండ్రు. సచ్చిపోయినంక ముఖం ఒక్కసారి సూపిచ్చిండ్రు. బావనే. నీకెట్ల చెప్పాలెనో తెల్వకనే ఫోన్ ఎత్తలే."

ఆగయ్యకు నేను చేతులెత్తి దండం పెట్టాను. ముందురోజు పట్టుకున్న కాలరు నా కళ్ల ముందే ఉంది. వాడు నా చేతులు కిందికి దించాడు.

ముసలాయన మెల్లగా అడిగాడు, చనిపోయిన మనిషే తప్పు పేరు చెప్పాడని రాయమంటారా అని. వద్దన్నాను. అక్కడే ఇంకో స్టాంపు తీయించి నా మాట కూడా రాయమన్నాను. కార్డు నాది, ఇచ్చింది నేను, నా జాగాలో నా పేరుతో పని చేయడానికి పంపింది నేను అని. వజ్రమ్మ నా వీపు మీద చెయ్యి వేసి, ఉన్నది ఉన్నట్టు బావ చెప్పిందీ, నేను చేసిందీ రెండూ రాయమని చెప్పింది. ఎవరూ ఎవర్నీ దాయొద్దంది. దాస్తేనే ఇంత దూరం వచ్చిందంది. అలాగే రాశారు.

జోన్ ఆఫీసులో ఈసారి మమ్మల్ని లోపలికి, ఆఫీసరు పెద్దావిడ దగ్గరికి పంపారు. ఆమె కాగితాలన్నీ ఒకటికి రెండుసార్లు చదివి తలెత్తింది.

"లింగం కౌన్ హై?"

"మై" అన్నాను.

"ఆప్ తో అప్రైల్ మే గుజర్ గయే" అంది, మీరు ఏప్రిల్‌లోనే పోయారు కదా అని. మాస్కు వెనక నవ్విందనుకుంటాను. నా ఆధార్ చూసింది, వేలిముద్ర పెట్టించింది, మాస్కు తీయించి ముఖం చూసింది. ఇంకెప్పుడూ ఎవరికీ కార్డు ఇవ్వనని నా చేత చెప్పించింది. చిన్నపిల్లాణ్ని తిట్టినట్టు తిట్టింది కూడా. పడ్డాను. కోపం రాలేదు, వజ్రమ్మే ఆశ్చర్యపోయింది. దాచకుండా రాసుకొచ్చారు కాబట్టి దిద్దుబాటు కింద పైకి పంపుతానంది ఆవిడ. జైలు మాట ఎవరూ ఎత్తలేదు.

పద్దెనిమిది రోజులకు పిలుపొచ్చింది. అప్పటికి నేను వేరే కార్ఖానాలో, నా పేరు మీద, నా ఫోటో ఉన్న కార్డుతో చేరాను. అక్కను, వజ్రమ్మను తీసుకుని పోయాను. ఆవిడ కాగితం అక్క చేతికి ఇస్తూ, పేరు సరిగ్గా ఉందో లేదో చూసుకోమంది. అక్కకు చదవడం రాదని వజ్రమ్మ చెబితే, తనే పైకి చదివింది. రాజనర్సు. వయసు నలభై నాలుగు. భార్య పేరు ప్రమీల.

"ఇంకొక్కసారి సదువుమను అవ్వా" అంది అక్క.

ఆవిడ మళ్లీ చదివింది. వెనక ఇరవై మంది వరుసలో ఉన్నా విసుక్కోలేదు. ఆ తల్లికి కూడా నా దండాలు.

బయట మెట్ల మీదికి వచ్చాక అక్క కూలబడి ఏడ్చింది. నేను చూస్తుండగా ఏడవడం అదే మొదటిసారి. నాకు ఏం చేయాలో తోచక ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను.

"నన్ను తిట్టక్కా. నా కార్డు వల్లనే గద బావ తన పేరు లేకుంట పోయిండు. ఒక్క తిట్టన్న తిట్టు" అన్నాను.

ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుని, ధ్రువపత్రం మడత నలగకుండా సంచిలో పెట్టుకుంది. తర్వాత నా చెయ్యి పట్టుకుంది.

"ఎందుకు తిట్టాలెరా? ఎవలు లేకుంట ఒక్కడే పాయె ఆయిన అని గిన్ని నెలలు నేను కుమిలిన. నీ పేరన్న ఆయిన ఎంబడి ఉన్నది గద, తమ్మీ."

నేను ఆమె ఒళ్లో తల పెట్టి ఏడ్చాను. ముప్పై ఎనిమిదేళ్ల మనిషిని, నడిబజార్లో. వజ్రమ్మ మా పక్కన కూర్చుని, వచ్చిపోయేవాళ్లను పక్క నుంచి పొమ్మని చేత్తో చూపిస్తూ ఉండిపోయింది.